ప్లాన్ పెంచే ముందు: టీవీలో బొమ్మ ఎక్కడ చెడుతోందో పట్టుకునే పద్ధతి

రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని సినిమా పెడతారు. పావుగంట బాగానే నడుస్తుంది. ఆ తర్వాత మొహాలు అలుక్కుపోతాయి, ఇంకాసేపటికి చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. మర్నాడు కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసి 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 100కి మార్పిస్తారు. బిల్లు పెరుగుతుంది, బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది.

ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. ఒక టీవీకి 720 బొమ్మ రావడానికి 3 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి (1080) 5, 4కేకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ తన సభ్యులకు చెబుతుంది. యూట్యూబ్ 4కేకి 20 అడుగుతుంది. అంటే 50 ప్లాన్ మీద రెండు 4కే టీవీలు ఒకేసారి నడవాలి. ఒక్క టీవీలోనే ఫుల్ హెచ్‌డీ నిలబడట్లేదంటే ఆ 50 టీవీ దాకా చేరట్లేదు, లేదా లోపం అసలు నెట్‌లోనే లేదు. విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఈ రెండింటినీ వేరుచేసి చూసుకోవడానికి ఒక సాయంత్రం, ఒక ల్యాప్‌టాప్, ఒక ల్యాన్ వైరు సరిపోతాయి.

ముందు జబ్బు ఏ రకమో చూడండి

నెట్‌లో వచ్చే వీడియో ఒకే ఫైలుగా దిగదు. దాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ ఐదారు నాణ్యతల్లో సర్వర్లో సిద్ధంగా ఉంచుతారు. ఒక ముక్క దిగడానికి ఎంతసేపు పట్టిందో టీవీలోని ప్లేయర్ చూసుకుని, తర్వాతి ముక్క ఏ నాణ్యతలో అడగాలో తేల్చుకుంటుంది. దిగిన ముక్కలను కొంచెం ముందుగానే పోగుచేసుకుంటుంది. దీన్నే బఫర్ అంటారు. మేడ మీద నీళ్ల ట్యాంకు లాంటిదన్నమాట. మున్సిపాలిటీ కుళాయి కాసేపు ఆగినా ట్యాంకులో నీళ్లుంటే ఇంట్లో ఎవరికీ తెలియదు. ట్యాంకు తరుగుతోందని తెలిసినప్పుడు ప్లేయర్ తక్కువ నాణ్యత ముక్కలు అడుగుతుంది, బొమ్మ మసకబారుతుంది. ట్యాంకు పూర్తిగా ఎండితే చక్రం తిరుగుతుంది.

కాబట్టి లక్షణం చూస్తే కారణం సగం తెలిసినట్టే. బొమ్మ మసకబారి, మళ్లీ తేరుకుని, మళ్లీ మసకబారుతుంటే నెట్ వేగం ఊగుతోంది. బొమ్మ చక్కగా ఉండి హఠాత్తుగా చక్రం పడితే, ట్యాంకు ఎండేంతసేపు లైను పూర్తిగా తెగుతోంది. మొదటి నిమిషం నుంచి చివరి దాకా ఒకే మసక ఉంటే ముందే నెట్‌ను అనుమానించకండి. సబ్‌స్క్రిప్షన్, ఆప్ సెట్టింగు, లేదా ఆ వీడియోనే కారణం కావచ్చు. బొమ్మ స్పష్టంగా ఉండి నడకలో కుదుపులుంటే టీవీ ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. మాట ఒకచోట, పెదవులు ఒకచోట ఉంటే బ్లూటూత్ సౌండ్‌బార్‌ను చూడండి, దాన్ని వైరుతో కలిపితే చాలాసార్లు సరిపోతుంది.

గళ్లు గళ్లుగా విరగడం గురించి ఇంకొక్క మాట. డీటీహెచ్‌లో వాన వచ్చినప్పుడు బొమ్మ విరిగేది సిగ్నల్లో కొంత భాగం పోవడం వల్ల. ఓటీటీలో అలా జరగదు, పోయిన డేటాను సర్వర్ మళ్లీ పంపుతుంది. అక్కడ గళ్లు కనిపిస్తే బిట్‌రేటు, అంటే సెకను వీడియోకు కేటాయించిన డేటా, చాలలేదని అర్థం. రంగులు చల్లుకునే పాట, వాన ఫైటు, జాతర జనం వచ్చినప్పుడు ముందే తేలిపోతుంది. ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ పోలిక ఉంటేనే వీడియోను కుదించగలరు. గాల్లో ఎగిరే గులాల్‌లో ఆ పోలిక దొరకదు. అదే బిట్‌రేటులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీను అద్దంలా ఉంటుంది.

కంటితో చూసింది అంకెల్లో కావాలంటే యూట్యూబ్‌లో ఏదైనా వీడియో పెట్టి, సెట్టింగుల చక్రం నొక్కి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. ఫోన్లో అయితే ముందు జనరల్ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసుకోవాలి. అందులో మూడు వరుసలు చాలు. బఫర్ హెల్త్ అంటే ట్యాంకులో ఎన్ని సెకన్ల వీడియో ఉందో. అది సున్నా వైపు దిగుతుంటే నెట్ సమస్య. డ్రాప్డ్ ఫ్రేమ్స్ (టీవీ చూపించలేక వదిలేసిన ఫ్రేములు) అంకె ఆగకుండా పెరుగుతూ బఫర్ నిండుగా ఉంటే టీవీ సమస్య. కరెంట్ రిజల్యూషన్ అసలు ఏ నాణ్యత వస్తోందో చెబుతుంది, 1080 అనుకుని 480 చూస్తున్నారేమో అక్కడే తెలిసిపోతుంది. నెట్‌ఫ్లిక్స్‌ను కంప్యూటర్‌లో చూసేవాళ్లు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, డి నాలుగూ కలిపి నొక్కితే ఇలాంటి వివరాలే వస్తాయి.

నాలుగు అంకెలు రాసుకోండి

స్పీడ్ టెస్టు చాలామంది తప్పుగా చేస్తారు. రూటర్ పక్కన నిలబడి, మధ్యాహ్నం మూడింటికి, ఫోన్లో చూసి 'మనకు బాగానే వస్తోంది' అనుకుంటారు. టీవీ ఉండేది రూటర్ పక్కన కాదు, సినిమా చూసేది మధ్యాహ్నం కాదు.

ఇలా చేయండి. ఉదయం ఏడింటికొకసారి, రాత్రి తొమ్మిదిన్నరకొకసారి, రెండేసి చోట్ల కొలవాలి. మొదటిది ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు ల్యాన్ వైరుతో కలిపి, ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి. రెండోది టీవీ వెనక వైపు ఫోన్ పెట్టి, టీవీ వాడే వైఫై పేరుకే ఫోన్‌ను కలిపి. టీవీ వెనక అని చెప్పడానికి కారణముంది. టీవీ యాంటెన్నాలు ప్యానెల్ వెనక, గోడకు ఆనుకుని ఉంటాయి. సోఫాలో కూర్చుని ఫోన్లో చూసిన అంకె టీవీకి అందే అంకె కాదు. కొలవడానికి ఫాస్ట్ డాట్ కామ్ వాడండి. అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే కొలుస్తుంది కాబట్టి వీడియో వచ్చే దారికి దగ్గరగా ఉంటుంది. టెస్టు చూపించేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ చేసేటప్పుడు కనిపించేది మెగాబైట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు 12.5 మెగాబైట్లు దిగుతుంటే ఆపరేటర్ మోసం చేసినట్టు కాదు, పూర్తిగా ఇస్తున్నట్టే.

ఇప్పుడు నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టండి. వైరు మీద రెండుపూటలా ప్లాన్‌కు దగ్గరగా వచ్చి, టీవీ దగ్గర పడిపోతే తప్పు మీ ఇంటి వైఫైది. వైరు మీద ఉదయం నిండుగా, రాత్రి పడిపోతే తప్పు ఆపరేటర్ వైపుది. వైరు మీద రెండుపూటలా తక్కువే ఉంటే ఫైబర్ లైను, ల్యాన్ వైరు, రూటర్ పోర్టు ఈ మూడింట్లో ఏదో ఒకటి. నాలుగూ నిండుగా ఉండి బొమ్మ బాగోకపోతే టీవీ, ఆప్, సబ్‌స్క్రిప్షన్ చూసుకోవాలి.

రూటర్ నుంచి టీవీ దాకా

ఎక్కువ ఇళ్లలో జబ్బు ఈ పది మీటర్లలోనే ఉంటుంది. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు ఫైబర్ ఎక్కడ లోపలికొస్తే అక్కడే, కిటికీ పక్కనో వీధి గుమ్మం పైనో, పెట్టె బిగించి వెళతాడు. టీవీ హాలు అవతలి గోడకు ఉంటుంది. మధ్యలో కాంక్రీటు పిల్లరు, ఇనప బీరువా, దానికో నిలువుటద్దం. ఇనుమూ, అద్దం వెనక ఉండే లోహపు పూతా వైఫైని వెనక్కి కొడతాయి. ఫ్రిజ్ పైన పెట్టిన రూటర్ది కూడా ఇదే గతి.

తర్వాతది ఇరుగుపొరుగు రద్దీ. విజయవాడ పటమట, లబ్బీపేట, గుంటూరు లక్ష్మీపురం అపార్ట్‌మెంట్లలో ఫోన్లో వైఫై జాబితా తెరిస్తే పక్క ఫ్లాట్ల పేర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండుల్లో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగలకుండా నడిచే చానెళ్లు మూడే: 1, 6, 11. అన్ని రూటర్లూ ఆ మూడింటినే పంచుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఆ బ్యాండులోనివే. అందుకే పెట్టె మీద 300 ఎంబీపీఎస్ అని రాసి ఉన్న సింగిల్ బ్యాండ్ (2.4 ఒక్కటే ఉన్న) రూటర్ రాత్రిపూట అందులో చిన్న భాగం కూడా ఇవ్వలేకపోతుంది. టీవీని 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలిపితే ఈ రద్దీలో చాలా భాగం తప్పుతుంది. రూటర్ జాబితాలో పేరు చివర 5జీ అని ఉండేది ఇదే, దీనికీ ఫోన్ 5జీకీ సంబంధం లేదు. ఒక పరిమితి ఉంది: 5 గిగాహెర్ట్జ్ ఒక గోడ దాటితే నీరసిస్తుంది, రెండు దాటితే దాదాపు పనికిరాదు.

రూటర్ సెట్టింగుల పేజీ చాలా పెట్టెల్లో 192.168.1.1 లేదా 192.168.0.1 మీద తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ పెట్టె అడుగున స్టిక్కరు మీద ఉంటుంది. 2.4లో చానెల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లో ఏది తక్కువ రద్దీగా ఉంటే అది పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు దించండి. వెడల్పు 40 పెడితే వేగం పెరుగుతుందనుకుంటారు గానీ, అపార్ట్‌మెంట్‌లో అది పక్కవాళ్ల గోలను కూడా లోపలికి తెచ్చుకోవడమే. 5లో 36 నుంచి 48 మధ్య చానెల్ పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే చానెళ్లు. రాడార్ అలికిడి తగిలితే రూటర్ ఆ చానెల్ వదిలేయాలి, కొన్ని టీవీలకు, స్ట్రీమింగ్ స్టిక్కులకు అవి అసలు కనిపించవు. 'రూటర్లో 5 వస్తోంది, టీవీ జాబితాలో లేదు' అనేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే.

సిగ్నల్ బలం వైఫై అనలైజర్ ఆప్‌లో మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. టీవీ దగ్గర −50 ఉంటే అద్భుతం, −67 దాకా వీడియోకు ఫర్వాలేదు, −75 దాటితే తెగుతూ ఉంటుంది. ఫైబర్ పెట్టెను జరపలేకపోతే దాన్నుంచి ల్యాన్ వైరు లాగి హాల్లో వేరే డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ ఉన్న) రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చేలా, పెట్టుకోండి. రిపీటర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒకే బ్యాండు మీద పనిచేసే రిపీటర్ వచ్చిన మాటనే మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడుతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు, అక్కడ దానికీ అందేదేమీ ఉండదు. పెట్టక తప్పకపోతే సగం దారిలో పెట్టండి.

అన్నిటికన్నా గట్టి మందు టీవీకి నేరుగా ల్యాన్ వైరు. క్యాట్ 6 రాగి వైరు కొలుచుకుని కొనండి, రెండు చివరలా ఆర్‌జే 45 ప్లగ్గులు క్రింప్ చేయించుకోండి (తీగలను ప్లగ్గులోకి నొక్కి బిగించడం). ఎనిమిది తీగలూ కలవాలి. నాలుగు తీగలే కలిపితే పని జరుగుతుంది గానీ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, 4కేకి ఐదారింతలు ఎక్కువే.

స్తంభం నుంచి రూటర్ దాకా

ఇక్కడ మీ చేతిలో ఉన్న పని తక్కువ, చూడగలిగింది మాత్రం ఎక్కువ. మన వీధుల్లో ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా, మేడల మీదుగా వేలాడుతూ వస్తుంది. ఇంట్లోకొచ్చాక తలుపు సందులో నలిగినా, మేకు చుట్టూ గట్టిగా చుట్టినా లోపలి గాజుపోగు వంగి వెలుతురు బయటికి కారిపోతుంది. మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగువుగా ఎక్కడా వంచకూడదు. రూటర్ పేజీలో ఆప్టికల్ లేదా పాన్ (PON) విభాగంలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే ఫైబర్‌లో మీ పెట్టెకు అందే వెలుతురు బలం, కనిపిస్తుంది. −20 ప్రాంతంలో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. −25 దాటితే అతుకో వంపో ఉందని చెప్పండి. −27 దగ్గర పెట్టె పట్టు తప్పుతుంది. పెట్టె మీద ఎల్‌ఓఎస్ (LOS) అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే వెలుతురే రావట్లేదు, రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దానికి కలపకండి, వాటి చివరలు వేరే కోణంలో కోసి ఉంటాయి. పీకిన ఫైబర్ చివరను కంటికి దగ్గరగా పెట్టుకోవద్దు, ఆ వెలుతురు కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు.

ఇంకా కొన్ని పాత వీధుల్లో ఫైబర్ పక్క మేడ దాకానే వచ్చి, అక్కణ్నుంచి స్విచ్ ద్వారా ల్యాన్ వైరుతో ఇళ్లకు ఇస్తారు. ఆ వైరు హద్దు 100 మీటర్లు. ఎండకు తొడుగు పగిలి, వానకు కనెక్టర్ చిలుము పట్టి, ప్రతి జూన్‌లో లైను తెగుతూ ఉంటే ఆ చివరలు కొత్తగా క్రింప్ చేయమని అడగండి.

రాత్రిపూట మాత్రమే పడిపోయే లైను సంగతి వేరు. ఇళ్లకు ఇచ్చే జీపాన్ (GPON) రకం ఫైబర్‌లో 2.5 గిగాబిట్ల ఒక పోగును స్ప్లిట్టర్‌తో 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. దాని పైన ఆపరేటర్ కొనుక్కునే బ్యాండ్‌విడ్త్ ఉంటుంది, అది ఊరంతటికీ ఉమ్మడి. తొమ్మిదింటికి అందరూ టీవీ పెడితే ఇరుకయ్యేది ఎక్కువగా అక్కడే. 'నెట్ స్లోగా ఉందండీ' అంటే 'రూటర్ ఆపి వేయండి' అనే జవాబొస్తుంది. 'రూటర్‌కు వైరు పెట్టి కొలిచాను, ఉదయం ఏడింటికి 96, రాత్రి తొమ్మిదిన్నరకు 11, మూడు రోజులుగా ఇంతే, ఆర్‌ఎక్స్ పవర్ −19' అని స్క్రీన్‌షాట్లతో చెప్పండి. అప్పుడు వాళ్లు మీ ఇంటి వైరు గురించి మాట్లాడలేరు.

ఇంకో దొంగ అప్‌లోడ్. ఇంట్లో ఎవరి ఫోనో పెళ్లి ఫోటోలన్నీ క్లౌడ్‌కు ఎక్కిస్తున్నా, సీసీ కెమెరాలు రికార్డింగును పైకి పంపుతున్నా, దిగే వీడియోకు 'అందింది' అని చెప్పే చిన్న ప్యాకెట్లు ఆ వరుసలో వెనక ఇరుక్కుంటాయి. డౌన్‌లోడ్ ఖాళీగా ఉన్నా బొమ్మ ఆగిపోతుంది. ఫోటో బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చండి. మీ నెట్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ ఆప్ ఉంటే తీసేయండి. మీ దగ్గరి సర్వర్ నుంచి రావాల్సిన వీడియో దాని వల్ల ఎక్కడో తిరిగి వస్తుంది.

ఎండ, కరెంటు

ఎండల సంగతి చెప్పాలంటే రెంటచింతల పేరొక్కటి చాలు. ఇళ్లలో వాడే రూటర్లు ఎక్కువగా 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. మే నెలలో పై అంతస్తు శ్లాబు కింద అటక మీద, తలుపులేసిన టీవీ అరలో అంతకన్నా వేడి ఉంటుంది. చేత్తో ముట్టుకోలేనంత కాలితే వేగం తగ్గుతుంది, తనంతట తను ఆగి మొదలవుతుంది. అటక మీంచి దించి, చుట్టూ నాలుగు వేళ్ల జాగా వదిలి, గోడకు నిలువుగా తగిలించండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రూటర్ ఆగిపోతుంది, మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు. 12 వోల్టుల మినీ యూపీఎస్ దీనికి సరైన మందు. ఫైబర్ పెట్టె, రూటర్ విడివిడిగా ఉంటే రెంటికీ ఉండాలి. అడాప్టర్ మార్చేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు రాసినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 1.5 ఆంపియర్లు అడిగే పెట్టెకు అర ఆంపియర్ది తగిలిస్తే దీపాలన్నీ వెలుగుతాయి, వైఫై మాత్రం తెగుతూ ఉంటుంది. ఇది పట్టుకోవడం కష్టం, అందుకే ముందే చూసుకోండి.

నెట్ బాగుండి బొమ్మ బాగోకపోతే

నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ 480 దగ్గర, బేసిక్ 720 దగ్గర ఆగిపోతాయి, 4కే ప్రీమియంలోనే వస్తుంది. ఆప్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లో నెట్‌ఫ్లిక్స్ ఆప్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ తెరిస్తే వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) ఎల్1 అనో ఎల్3 అనో ఉంటుంది. ఎల్3 అయితే ఆ పరికరంలో హెచ్‌డీ రాదు, నెట్ ఎంత ఉన్నా అంతే. చవక ఆండ్రాయిడ్ పెట్టెలు కొనేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. 4కే పెట్టెను టీవీకి కలిపేటప్పుడు టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు హెచ్‌డీసీపీ 2.2 (ఇదీ కాపీ రక్షణే) ఉన్నదై ఉండాలి, కొన్ని టీవీల్లో అన్ని పోర్టులూ అలాంటివి కావు.

కుదుపులకు ఒకటే మాట: ఒక జీబీ ర్యామ్ ఉన్న పాత స్మార్ట్ టీవీతో కుస్తీ పట్టకండి. వాడని ఆప్‌లు తీసేసి, టీవీని ప్లగ్ పీకి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ డ్రాప్డ్ ఫ్రేములు పెరుగుతుంటే మంచి స్ట్రీమింగ్ స్టిక్ తగిలించండి.

మొబైల్ డేటాతో టీవీ నడిపేవాళ్లకు వేరే లెక్క. 5 ఎంబీపీఎస్ చొప్పున గంటకు 2.25 జీబీ ఖర్చవుతుంది, రోజుకు 2 జీబీ ఇచ్చే ప్యాక్ ఫుల్ హెచ్‌డీలో గంట కూడా నిలవదు. విజయవాడ మొగల్రాజపురం, గుణదల కొండల పక్క వీధుల్లో కొండ అడ్డం వల్ల ఒక గదిలో ఉన్న సిగ్నల్ ఇంకో గదిలో ఉండకపోవచ్చు. ఫోన్‌ను టవర్ వైపు కిటికీలో పెట్టి హాట్‌స్పాట్ ఇవ్వండి.

క్రికెట్ లైవ్‌లో పై జాగ్రత్తలన్నీ తీసుకున్నా కొంత కష్టం మిగులుతుంది. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. సినిమా అయితే ప్లేయర్ ముక్కలను చాలా ముందుగా దాచుకోగలదు. లైవ్‌లో ఇంకా పడని బంతిని దాచుకోలేదు, ట్యాంకు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. వెనక్కి జరిపే వీలుంటే ముప్ఫై సెకన్లు వెనక్కి జరిపి అక్కడే ఉండండి, లైవ్ బటన్ నొక్కకండి. ట్యాంకులో ఆ ముప్ఫై సెకన్లు చేరతాయి. నాణ్యతను ఆటో నుంచి తీసి 720 దగ్గర స్థిరంగా పెట్టండి. పక్కింట్లోంచి సిక్సర్ కేకలు మీకన్నా ముందే వినిపిస్తాయి, దానికి మాత్రం సిద్ధపడాలి. టాస్ వేళకే ఆప్ తెరిచి లాగిన్ అయి ఉండండి.